తెల్ల గిత్తకు తెల్లరంగు ఎంత తక్కువ వాడితే అంత మంచిది

తమ్ముడూ, నీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని నీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తున్నా. కావలిలో 1/24 స్కేల్లో, అంటే అసలు సైజులో ఇరవై నాలుగో వంతుకు, ఒంగోలు గిత్త బొమ్మను రెజిన్‌లో 3డీ ప్రింట్ తీయించావు. నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత) కొట్టి, దాని మీద ట్యూబులోని టైటానియం వైట్ బ్రష్షుతో వేశావు. మొదటి కోటు చారలు చారలుగా వచ్చింది. చిక్కగా వేస్తే గరుకు తేలింది. నీళ్లు కలిపితే రంగంతా గంగడోలు మడతల్లోకి జారి, ఎత్తుల మీద నలుపు బయటపడింది. కోటు మీద కోటు వేసుకుంటూ పోతే మడతలు పూడిపోయాయి. "ఏ కంపెనీ తెల్లరంగు కొనాలన్నా?" అని అడిగావు. తర్వాత కోస్ట్ గార్డ్ షిప్పు చేయాలనుకుంటున్నానని, దానికీ ఇదే పద్ధతా అని ఇంకో ప్రశ్న.

కంపెనీల సంగతి కింద చెప్తాను. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తెల్ల గిత్తను తెల్లరంగుతో పెయింట్ చేయరు. లేత బూడిద, కాస్త గోధుమ కలిసిన బూడిద, మీగడ రంగు, వీటితోనే పని తొంభై శాతం అయిపోవాలి. అచ్చ తెలుపు ఆఖర్న వస్తుంది, అదీ వెలుగు నేరుగా పడే కొద్ది చోట్లకే. నువ్వు మొదటి కోటుకే ట్యూబులోని తెలుపు మొత్తం వాడేశావు. ఇక వెలుగు చూపించడానికి నీ దగ్గర అంతకంటే తెల్లనిది ఏం మిగిలింది?

తెల్లరంగు ఎందుకింత మొండికేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నల్లరంగు పని కాంతిని మింగడం. పొర పలచగా ఉన్నా మింగేస్తుంది. తెల్లరంగు మాత్రం పడిన కాంతినంతా వెనక్కి పంపాలి. అందులో ఉండేది టైటానియం డయాక్సైడ్ పొడి. మంచి రంగుల్లో వాడే రూటైల్ రకానికి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 2.7. ఆ పొడిని పట్టి ఉంచే అక్రిలిక్ జిగురుకు 1.5 దగ్గర్లో. ఈ తేడా వల్లే కాంతి చెదిరి మనకు తెలుపు కనిపిస్తుంది. పొరలో ఎక్కడైనా పొడి తగ్గిందంటే కాంతి అడుగుదాకా దిగుతుంది. అడుగున నలుపుంటే అక్కడే ఇంకిపోతుంది. బ్రష్ వెంట్రుక గీసిన సన్నటి గాడి కూడా బూడిద చారగా కనిపించేది అందుకే. అదే గాడి ఎరుపులోనో ఆకుపచ్చలోనో ఉన్నా మన కంటికి ఆనదు.

పైగా ఈ పొడి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. సీసాలో అడుగుకు దిగుతుంది, పాలెట్ మీద కూడా దిగుతుంది. నువ్వు నీళ్లు ఎక్కువ కలిపినప్పుడు జరిగింది అదే. జిగురు బలం తగ్గింది, పొడి నీటితో పాటు పల్లానికి పోయింది. కాబట్టి సీసాను వాడే ముందు రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి, పని మధ్యలో పాలెట్ మీద రంగును కూడా అప్పుడప్పుడూ కలపాలి. సీసాలో గోళీ వేస్తే బాగా కలుస్తుంది గానీ సైకిల్ షాపులో దొరికే బేరింగ్ గోళీలు వేయకు. తుప్పు పట్టి తెలుపంతా లేత ఇటుక రంగుకు తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ గోళీ గానీ చిన్న గాజుపూస గానీ వెయ్యి.

ఇప్పుడు గిత్త దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో ఉండి ఈ బొమ్మ చేస్తున్నావంటే నీకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. నెట్‌లో వెతికితే బ్రెజిల్ నెలోర్ పశువుల ఫోటోలే కుప్పలుగా వస్తాయి. అవి మన పశువుల సంతతే, కానీ అక్కడ మాంసం కోసం తరాల తరబడి ఎంచి పెంచారు. కొమ్ములు లేని రకం కూడా ఉంది. వాటిని చూసి రంగులు వేస్తే ఒంగోలు మనిషి ఎవరైనా ఇట్టే పట్టేస్తాడు. ఊళ్లో ఎవరి కొట్టంలోనైనా, బండలాగుడు పోటీల దగ్గరైనా మంచి గిత్తను ఉదయం ఎండలో పక్కనుంచి ఫోన్‌తో ఫోటో తియ్యి. ఫోటోలో తెలుపు మరీ పేలిపోకుండా స్క్రీన్ మీద వీపును తాకి వెలుగు కాస్త తగ్గించు. తర్వాత ఆ ఫోటోను ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, రంగు చూపించే సాధనాన్ని ఒంటి మీద అక్కడక్కడా పెట్టి చూడు. అచ్చ తెలుపుకు అది చూపించే అంకె 255. ఆ దగ్గరికి వెళ్లేది వీపు మీద, తుంటి మీద కొద్ది మేరే. పక్కటెముకల దగ్గర లేత బూడిద. పొట్ట కింద, గంగడోలు వెనక వైపు చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది, అంత ముదురుగా ఉంటుంది. నేల ఎర్రమట్టి అయితే పొట్ట కింద ఎరుపు జీర కూడా కనిపిస్తుంది. కన్ను మాత్రం ఇదంతా కలిపి "తెల్ల గిత్త" అని చెప్పేస్తుంది.

ఇది నీడల సంగతి. ఇది కాక గిత్తకు పుట్టుకతో వచ్చే ముదురు రంగులు వేరే ఉన్నాయి. తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ ఉంటుంది. ఆవుకు ఇది ఉండదు, మగ పశువుకే. ముట్టె నలుపు. కళ్ల చుట్టూ నల్లని వలయం, కనురెప్పల వెంట్రుకలూ నలుపే. తోక కుచ్చు నలుపు, గిట్టలు నలుపు, కొన్నింటికి మోకాళ్ల దగ్గర కూడా నల్లని మచ్చలు. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటాయి. ఈ నలుపులు శుభ్రంగా పెట్టావా, పక్కనున్న లేత బూడిద దానంతట అదే తెల్లగా కనబడుతుంది. చాలామంది తెలుపు పెంచడానికి ఇంకో కోటు తెలుపు వేస్తారు. నేనైతే ముందు ముట్టె, కన్ను నల్లగా పూర్తి చేసి, ఆ తర్వాత తెలుపు ఇంకా కావాలా అని చూస్తాను. సాధారణంగా అవసరం ఉండదు.

రంగు కలపడం ఇలా. తెలుపులో నలుపు ఒక్కటే కలిపితే నీలిజీర ఉన్న బూడిద వస్తుంది. మూపురానికి, మెడకు అది సరిపోతుంది. ఒంటికి మాత్రం అందులో కాస్త బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు చేర్చు. ఒంటి నీడకు ఒక బూడిద, ఒంటి అసలు రంగుకు అంతకంటే బాగా లేత బూడిద, వెలుగుకు మీగడ తెలుపు, ఇలా మూడు మెట్లు పాలెట్ మీద ముందే కలిపి పెట్టుకో. మధ్యలో కలుపుతూ కూర్చుంటే ఒకసారి కలిపినట్టు ఇంకోసారి కలవదు. నలుపును తెలుపులో చుక్క చుక్కగా కలపాలి గానీ నలుపులో తెలుపు పోస్తూ పోతే ట్యూబు ఖాళీ అవుతుంది తప్ప బూడిద తేలదు.

ఈ మూడింటి తర్వాత ఆఖర్న వేసే అచ్చ తెలుపులో సూదిమొన మీద నిలిచేంత నీలం కలుపు. గోడలకు వేసే సున్నంలో మన పెద్దవాళ్లు నీలిమందు కలిపేది దేనికో అందుకే ఇది కూడా. పసుపు జీరను నీలం చంపేస్తుంది, కంటికి ఇంకా తెల్లగా అనిపిస్తుంది. అడుగున గోధుమ జీర ఉన్న బూడిద, పైన నీలిజీర ఉన్న తెలుపు, రెంటి మధ్య తేడా వల్ల వీపు నిజంగా ఎండలో మెరుస్తున్నట్టు వస్తుంది. అయితే కలిపింది నీలంగా కనిపించకూడదు. కనిపించిందంటే ఎక్కువైనట్టే.

ఇప్పుడున్న బొమ్మను ఏం చేయాలి? మడతలు పూడిపోయాయి కాబట్టి దాని మీద కొనసాగించొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దు. గంటల తరబడి నానబెట్టకు, రెజిన్ మెత్తబడి చెవులు విరుగుతాయి. ఆరాక ఒకసారి వేలితో తాకి చూడు. జిగటగా ఉంటే రెజిన్ పూర్తిగా గట్టిపడలేదని అర్థం, దాన్ని మళ్లీ యూవీ లైట్ కింద పెట్టాలి. పచ్చి రెజిన్ మీద ఎంత మంచి ప్రైమర్ కొట్టినా తర్వాత పగులుతుంది, తెలుపు మీద ఆ పగుళ్లు అందరికంటే ముందు కనబడతాయి.

ఈసారి ప్రైమర్ నలుపు వద్దు, బూడిద కొట్టు. ఆరిన తర్వాత పైనుంచి, అంటే ఎండ పడే వైపు నుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ తేలిగ్గా చల్లు. పొట్ట కింద బూడిద అలాగే ఉంటుంది, వీపు మీద తెలుపు పడుతుంది. నీడలు ఎక్కడ రావాలో బొమ్మే చూపిస్తుంది.

స్ప్రే డబ్బా విషయంలో మన వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ వీడియోల్లో చెప్పే లెక్కలు నెల్లూరు ఎండకు పనికిరావు. మే నెల మధ్యాహ్నం డాబా మీద నిలబడి కొట్టావంటే రంగు బొమ్మను చేరకముందే గాల్లో సగం ఆరిపోతుంది. చేరేసరికి పొడి. గరుకు మొదలయ్యేది అక్కడే, తప్పంతా బ్రష్ మీద వేస్తాం. వేసవిలో పొద్దున ఎండ ముదరకముందు కొట్టు, దూరం 20 సెంటీమీటర్లకు మించనివ్వకు, పొట్టి పొట్టి విసుర్లతో ఆపి ఆపి కొట్టు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల రోజుల్లో సమస్య తిరగబడుతుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడుతుంది, గాల్లో తేమ దాని మీద చేరుతుంది, ఆరాక మసకగా మిగులుతుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే డబ్బా ముట్టుకోకు. బ్రష్‌తో వేసే అక్రిలిక్ ప్రైమర్ సీసా ఒకటి ఇంట్లో ఉంచుకుంటే ఆ మూడు నెలలూ పని ఆగదు.

రంగు ఎంత పలచన చేయాలనేదానికి కొలతలు చెప్పడం దండగ. ఒక్కో సీసా ఒక్కోలా ఉంటుంది. దానికి బదులు గ్రానైట్ షాపులో చీమకుర్తి గెలాక్సీ ముక్క ఒకటి అడిగి తెచ్చుకో. కోసినప్పుడు మిగిలిన అంచు ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు. నునుపు చేసిన నల్ల రాయి తెల్లరంగుకు చక్కటి పరీక్ష. దాని మీద ఒక గీత గియ్యి. గీత అంచులు విడిపోకుండా నిలవాలి, అడుగున నలుపు కొంచెం కనిపించాలి, ఆరాక అదే చోట రెండో గీతతో దాదాపు మూసుకుపోవాలి. మొదటి గీతకే పూర్తిగా మూసిందంటే బొమ్మకు అది చిక్కన. మూడు గీతలు పడ్డా రాతిలోని బంగారు చుక్కలు కనిపిస్తుంటే మరీ పలచన. రెండు సీసాలు పోల్చాలన్నా ఈ రాయి మీదే పక్కపక్కన గీసి చూడు, రివ్యూలు చదవడం కంటే నయం. బొమ్మ పూర్తయ్యాక దాన్నే పీఠంగా వాడుకోవచ్చు కూడా.

కలిపే నీళ్లు బోరు నీళ్లు కాకూడదు. మన దగ్గర ఉప్పదనం ఎక్కువ, ముదురు బూడిద పొరలు ఆరాక అంచుల్లో తెల్లగా మరక కడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు సీసా కొంటే ఏళ్లు వస్తుంది.

బ్రష్ సన్నదే కావాలనుకోవడం చాలామందికి ఉన్న భ్రమ. మూడు సున్నాల బ్రష్‌లో రంగు నిలవదు, ఫ్యాన్ గాలికి కుచ్చులోనే ఆరిపోతుంది. ఒకటో నంబరు, రెండో నంబరు తీసుకో, మొన బాగుంటే చాలు. రంగు ముంచాక టిష్యూ మీద ఒకసారి తాకించి అదనపు తడి తీసేయ్. ఫ్యాన్ ఆపేయ్. కష్టమే, తెలుసు, ఏసీ ఉంటే సరే సరి. గీత వేశాక ఆరేదాకా దాని మీదికి మళ్లీ వెళ్లకు. తెలుపు సగం ఆరిన పొరను బ్రష్‌తో కదిపితే పొట్టు లేస్తుంది, నీ ఫోటోలో తుంటి మీద కనిపించే గరుకు సగం అలా వచ్చిందే. ఒకచోట వేసి, అది ఆరేలోపు అటువైపు కాలికి వెళ్లు. తెలుపుకు బ్రష్ వేరే, నీళ్ల గ్లాసు వేరే ఉండాలి. బ్రష్ మెడలో ఇరుక్కున్న ఎరుపు ఎంత కడిగినా పోయినట్టే ఉండి, తెలుపు ముంచినప్పుడు గులాబీ రంగుగా బయటికొస్తుంది.

రంగు త్వరగా ఆరకుండా ఉండాలంటే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి పాలెట్‌లా వాడు. గ్లిజరిన్ కలపమని కొందరు సలహా ఇస్తారు. మన ఉక్కలో అది తేమ పీల్చి జిగటగానే ఉండిపోతుంది, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. నేను వద్దంటాను.

అసలైన పని మూపురం దగ్గర. అక్కడ ముదురు బూడిద నుంచి ఒంటి తెలుపులోకి మెల్లగా కరిగిపోవాలి. అందరూ బూడిద వేసి దాని మీదికి తెలుపు లాక్కొస్తారు, చారలు పడతాయి. తిరగేసి చెయ్యి. మూపురం, మెడతో సహా మొత్తం ఒంటిని లేత రంగులో ముందే పూర్తి చేసి, దాని మీద ముదురు బూడిదను బాగా పలచన చేసి పొరలు పొరలుగా వెయ్యి. ముదురు రంగు పలచని పొరలో కూడా చక్కగా ఒదుగుతుంది, తెలుపు ఒదగదు. బ్రష్ గీత ఎప్పుడూ ఒంటి వైపు నుంచి మొదలై మూపురం కొన దగ్గర ఆగాలి. గీత ఆగినచోట రంగు ఎక్కువ చేరుతుంది, మనకు ముదురు కావాల్సింది కూడా అక్కడే. ఒక్కో పొర పూర్తిగా ఆరాకే తర్వాతది. ఓపిక ఉంటే అయిదారు పొరల్లో గీత ఎక్కడుందో తెలియకుండా కలిసిపోతుంది.

గంగడోలు మడతలకు నేను ఆయిల్ రంగు వాడతాను. ఒంటికి ముందు నీటితో చేసే అక్రిలిక్ వార్నిష్ ఒక పొర వేసి, ఒక రోజు ఆరనివ్వు. బర్న్‌ట్ అంబర్‌లో కొంచెం నలుపు కలిపి, వాసన లేని వైట్ స్పిరిట్‌తో పలచన చేసి, సన్న బ్రష్‌తో మడత లోపల మాత్రమే తాకించు. అదనంగా పడిందాన్ని ఇయర్ బడ్‌తో తుడిచెయ్యి. వీడియోల్లో చూపించినట్టు ఒళ్లంతా వాష్, అంటే నీళ్లలా పలచన చేసిన ముదురు రంగు, పోయకు. సైనికుడి బొమ్మకు బాగుంటుంది గానీ తెల్ల పశువు మురికి పట్టినట్టు తయారవుతుంది. మురికి కావాలంటే కాళ్లకు మోకాళ్ల కింద దుమ్ము రంగు చాలు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి, పడమటికి పోతే ఎర్రనేల. పీఠం మీద ఏ మట్టి చూపిస్తే కాళ్లకూ పొట్ట కిందా అదే జీర ఇవ్వు.

నొసట పసుపు, కుంకుమ పెట్టేట్టయితే అన్నిటికంటే చివర పెట్టు. తెలుపు మీద ఎరుపు ఒలికితే తుడిచినా గులాబీ మరక మిగులుతుంది.

కంపెనీల సంగతికి వస్తే, ట్యూబు అక్రిలిక్ కాన్వాస్ కోసం చేసింది. కామెల్ టైటానియం వైట్ లాంటివి రంగు కలపడానికి, పీఠానికి, సాధనకు బాగానే ఉంటాయి, కానీ ఇంత చిన్న బొమ్మ మీద రేణువు కాస్త మొరటే. చవక రంగుల్లో చాక్ లాంటి పూరకాలు కలుపుతారు, కప్పే గుణం తగ్గిపోతుంది. సీసా మీద జింక్ వైట్ అని ఉంటే అది మరీ పారదర్శకం, పలుచటి పొరలకు తప్ప అడుగు కప్పడానికి పనికిరాదు. ఒకే ఒక్క మంచి సీసా కొనగలిగితే వల్లెహో మోడల్ కలర్‌లో ఐవరీ గానీ ఆఫ్‌వైట్ గానీ కొను, అచ్చ తెలుపు కాదు. దాన్ని ఎక్కువ వాడతావు. ప్రో అక్రిల్ వారి బోల్డ్ టైటానియం వైట్ బ్రష్‌కు చాలా బాగా కప్పుతుంది, కానీ దిగుమతి సరుకు కాబట్టి దొరికినప్పుడు చూసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్ల ఎనామెల్ మాత్రం వద్దు. నూనె ఆధారంగా చేసింది కాబట్టి పసుపు తిరుగుతుంది, అదీ బీరువాలో చీకట్లో ఉంటే ఇంకా త్వరగా. చెక్కకు వేసే వార్నిష్‌కూ అదే జబ్బు.

పని చేసేటప్పుడు పక్కన తెల్ల కాగితం పెట్టుకుని పోల్చకు. జిరాక్స్ పేపర్‌లో అతినీల కాంతిని నీలంగా తిప్పి పంపే రసాయనం కలుపుతారు. దాని పక్కన ఏ రంగైనా మురికిగానే కనిపిస్తుంది, నువ్వు కంగారుపడి ఇంకో కోటు వేస్తావు. ముదురు బూడిద అట్ట వెనక పెట్టుకుని చూడు.

ఇక షిప్పు. కృష్ణపట్నం వైపు కోస్ట్ గార్డ్ షిప్పులు చూసే ఉంటావు, తెల్లని షిప్పు పక్కల మీద ఏటవాలుగా నారింజ, నీలం చారలు. దానికి గిత్త పద్ధతి కుదరదు. అది నున్నటి ఇనుప రేకు, బ్రష్ జాడ ఒక్కటి కనిపించినా పాడే. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పెన్ను లాంటి పరికరం) ఉంటేనే మొదలుపెట్టు, లేదా మంచి తెల్ల స్ప్రే డబ్బాతో చెయ్యి. ఎయిర్‌బ్రష్‌లో తెలుపు ముక్కు దగ్గర ఆరి తుంపర్లు కొడుతుంది, కాబట్టి 0.2 మిల్లీమీటర్ల నాజిల్ కంటే 0.4 నయం, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ, మధ్యమధ్యలో సూది మొనను తడి బ్రష్‌తో తుడుస్తుండాలి. చిన్న స్కేల్లో అచ్చ తెలుపు బొమ్మ మీద మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, కాస్త లేత బూడిద కలుపు. రేకుల అతుకుల్లో నలుపు పోయకు, మధ్యస్థంగా ఉండే బూడిద చాలు. చారలకు టేపు అంటించాక నేరుగా నారింజ కొట్టకు. టేపు అంచు వెంట ముందు అదే తెలుపు మరోసారి పలచగా కొట్టు. సందుల్లోకి ఏదైనా కారితే తెలుపే కారి ఆ సందు మూసుకుపోతుంది, తర్వాత వేసే నారింజ గీత అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. నీలం చారకు టేపు మార్చినప్పుడు నారింజ వైపు నారింజతో, తెలుపు వైపు తెలుపుతో ఇలాగే మూసుకో.